నీరు పల్లమెరుగు, ఉపగ్రహం ఎరుగునా?

కొండల నడుమ పెరిగిన ఊరినీ, మైదానంలో పరుచుకున్న ఊరినీ ఉపగ్రహ చిత్రాల్లో పక్కపక్కన పెట్టి పోల్చడం నగర ప్రణాళికలో ఇప్పుడు మామూలు పని. ఆ పోలిక ఎంతవరకు న్యాయం అన్నదే ఈ సంవాదం. మాట్లాడేవాళ్ళు ఇద్దరు. ఒకరు ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖ ఇంజనీరుగా చేసి రిటైరైన మావయ్య. డెల్టా కాలవగట్ల మీద లెవెల్ పెట్టి, స్టాఫ్ నిలబెట్టి నేలను కొలిచిన మనిషి. రెండోవారు ఆయన మేనకోడలు. హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాల మీద పరిశోధన చేస్తోంది. రాజమండ్రినీ విశాఖపట్నాన్నీ పోలుస్తూ ఆమె రాస్తున్న వ్యాసం దగ్గర మాటామాటా పెరిగింది.

మావయ్య: నీ వ్యాసం మొదటి పేజీ దగ్గరే నేను ఆగిపోయానమ్మాయ్. ‘మైదాన నగరం రాజమండ్రి, కొండ నగరం విశాఖ, రెండింటికీ ఒకే కొలబద్ద’ అని రాశావు. కొలబద్ద ఒకటే అయితే న్యాయం జరిగిపోయినట్టేనా?

మేనకోడలు: ఒకటి కాకపోతే అన్యాయం మాత్రం ఖాయం మావయ్యా. 2011 జనాభా లెక్కలే చూడండి. రాజమండ్రి కార్పొరేషన్‌లో ఉన్నది 3.4 లక్షల మంది. ఊరిలో కలిసిపోయిన చుట్టుపక్కల గ్రామాలతో లెక్కేస్తే 4.7 లక్షలు దాటారు. ఇందులో ఏది రాజమండ్రి? ఆ లెక్కల్లో మీ ధవళేశ్వరం వేరే ఊరు. రోడ్డు మీద వస్తుంటే రాజమండ్రి ఎక్కడ అయిపోయిందో ఎవరైనా చెప్పగలరా? విశాఖలో దీనికి తిరగేసి జరిగింది. 2005లో గాజువాకనూ 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ చేశారు. ఆ హద్దుల్లోకి కొండలూ తోటలూ పొలాలూ కూడా వచ్చాయి. ఈ రెండు హద్దులను నమ్మి చదరపు కిలోమీటరుకు ఎంతమంది అని భాగారం చేస్తే వచ్చేది ఊరి సంగతి కాదు, జీవో సంగతి. ఉపగ్రహానికి హద్దురాళ్ళు కనపడవు. కట్టడం ఎక్కడుంటే అక్కడిదాకా ఊరు అంటుంది.

మావయ్య: కట్టడమేదో, కానిదేదో దానికి తెలుసా? దాళ్వా కోతలయ్యాక మన చేలు చూశావు కదా. మే నెలలో ఎండిపోయి, పగుళ్ళిచ్చి తెల్లగా ఉంటాయి. నీ యంత్రం వాటిని సిమెంటు అనదూ?

మేనకోడలు: ఒక్క చిత్రం ఇచ్చి అడిగితే అంటుంది. ఎండిన నేలా, సిమెంటూ వెలుతురును ఇంచుమించు ఒకేలా తిప్పి పంపుతాయి. అందుకే ఒక్క చిత్రంతో తేల్చం. 2015 నుంచి సెంటినెల్-2 చిత్రాలు వస్తున్నాయి. నేల మీద పది మీటర్లకు ఒక చుక్క, రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి అదే చోటికి వస్తాయి. ఏడాది పొడుగునా చూస్తే చేను సార్వాలో నీళ్ళు, తరవాత పచ్చ, తరవాత పసుపు, మళ్ళీ బీడు. డాబా పన్నెండు నెలలూ డాబాయే. మారేది చేను, మారనిది ఇల్లు. పాత రోజులు కావాలంటే 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ వరస ఉంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఊరు ఎటు పాకిందో వరసగా గీయొచ్చు.

మావయ్య: సరే, చేను సంగతి తేల్చావు. కోనసీమకు రా. అమలాపురం నుంచి రాజోలు దాకా ఇల్లు లేని చోటు ఎంత? అయినా పైనుంచి చూస్తే కొబ్బరి మట్టలే. ఆకు కింద పెంకుటిల్లు, ఇంటి వెనక పశువుల పాక, దాని వెనక మరో ఇల్లు. నీ చిత్రం అదంతా తోట అంటుంది.

మేనకోడలు: అంటుంది. కోనసీమలో ఊరిని పైనుంచి కొలిస్తే ఉన్నదానికన్నా చిన్నదే వస్తుంది, ఒప్పుకుంటాను. అయితే కొండ ఊళ్ళకూ ఇలాంటి బాధే ఉంది. మన మీద ఈ ఉపగ్రహాలు పొద్దున్న పదిన్నర ప్రాంతంలో వెళ్తాయి. చలికాలంలో అప్పుడు సూర్యుడు ఆగ్నేయం వైపు ఉంటాడు. డిసెంబరులో సింహాచలం కొండల వాయవ్యపు వాలు నీడలో ఉంటుంది. నీడ నల్లగా పడుతుంది, నీళ్ళూ నల్లగానే పడతాయి. చూసుకోకపోతే కొండ పక్కన లేని చెరువు పుట్టుకొస్తుంది.

మావయ్య: మరే! మరి రెండు ఊళ్ళలోనూ తప్పే చెప్పేదాన్ని తీర్పరిగా ఎలా కూర్చోబెట్టావు?

మేనకోడలు: తప్పు ఎటు మొగ్గుతుందో తెలిస్తే దిద్దుకోవచ్చు మావయ్యా. తెలియని తప్పుతోనే ప్రమాదం.

మావయ్య: నా అసలు అభ్యంతరం ఇంకా చెప్పలేదు. పైనుంచి చూస్తే బిందె, పళ్ళెం రెండూ గుండ్రమే. లోతు ఏదమ్మా?

మేనకోడలు: లోతు కొలవడం ఎప్పుడో మొదలైంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజులు తిరిగి, రాడార్‌తో ప్రపంచంలో చాలా భాగానికి ఎత్తుల పటం తీసింది. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1 వెళ్ళింది. దానికి రెండు కెమెరాలు, ఒకటి ముందుకు వంగి, ఒకటి వెనక్కి వంగి. ఒకే చోటును రెండు కోణాల్లో తీస్తే మన రెండు కళ్ళకు తెలిసినట్టు ఎత్తు తెలుస్తుంది. ఆ ఎత్తుల పటం చేతిలో ఉంటే కొండ ఊరి లెక్క దిద్దడం తేలికే. ముప్పై డిగ్రీల వాలు మీద చిత్రంలో 100 చదరపు మీటర్లుగా కనపడేది నేల మీద 115 ఉంటుంది. దూరాలూ అంతే. అలిపిరి నుంచి తిరుమల చిత్రంలో గీత గీస్తే ఏడెనిమిది కిలోమీటర్లు మించదు. బస్సు ఎక్కితే ఘాట్ రోడ్డు 19 కిలోమీటర్లు, నడిస్తే 3,550 మెట్లు. తిన్నటి గీతతో పోలిస్తే తిరుమలకు అన్యాయం. వాలును బట్టి పోలిస్తే కాదు.

మావయ్య: కొండను దిద్దావు, బాగుంది. ఇప్పుడు నా డెల్టాను దిద్దు చూద్దాం. ధవళేశ్వరం దగ్గర నేల సముద్రానికి పది పన్నెండు మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి సముద్రం అరవై డెబ్బై కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు జానెడు కూడా దిగదు. ఆ జానెడు వాలు పట్టుకునే కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలెట్టి, 1852కి పూర్తిచేసి, కాలవలు పారించాడు. ఏ కాలవ ఎటు పారాలో, ఏ మురుగు యనమదుర్రులో పడాలో, ఏది తుల్యభాగలో పడాలో తేల్చేది అంగుళాలు. నీ ఎండీవర్ పటంలో తప్పు ఎంత?

మేనకోడలు: మైదానంలో కొన్ని మీటర్లు ఉంటుంది.

మావయ్య: డెల్టా మొత్తం ఎత్తే పదీ పన్నెండు. అందులో నాలుగైదు తప్పుపోతే మిగిలేదేంటి? పైగా అది చెట్ల తలలను నేల అనుకుంటుందట కదా.

మేనకోడలు: ఆకు పైభాగం నుంచే చాలావరకు తిరిగొస్తుంది ఆ రాడార్ అల. కొబ్బరి తోట ఉన్నచోట నేల లేచినట్టు చూపిస్తుంది. కార్టోశాట్‌కు వేరే ఇబ్బంది. ఎటు చూసినా ఒకేలా ఉన్న వరిచేలో రెండు చిత్రాల్లో ఒకే గుర్తు పట్టుకోవడం కష్టం.

మావయ్య: చూశావా? ‘కొండల్లో ఉపగ్రహ చిత్రం తడబడుతుంది, మైదానంలో తేలిక’ అని రాశావు నువ్వు. నేను తలకిందులుగా అంటున్నాను. కొండ ఎత్తు వందల మీటర్లు, అందులో ఐదు మీటర్ల తప్పు తప్పే కాదు. పల్లం అంగుళాల్లో ఉంటుంది, అదే దానికి కనపడదు. కొల్లేరు సంగతి గుర్తుందా? 1999లో అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు దగ్గర, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దగ్గర గీశారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఐదును మూడుకు దించమని ఇప్పటికీ అడుగుతున్నారు. ఇదంతా రెండడుగుల తగాదా. చెరువు ఎక్కడుందో నీ చిత్రం చూపిస్తుంది, నీలం గళ్ళలా. అది మూడు మీద ఉందా, ఐదు మీద ఉందా?

మేనకోడలు: విమానంలోంచి లేజర్‌తో కొలిస్తే చెప్పొచ్చు. ఉపగ్రహంతో చెప్పలేను.

మావయ్య: రాజమండ్రి పక్కనే కోరుకొండ మండలంలో ఆవ భూములున్నాయి. ఎండాకాలం చిత్రంలో చూస్తే అంతకన్నా మంచి స్థలం దొరకదు. కొండ లేదు, గుట్ట లేదు, చదును, ఊరికి దగ్గర. 2020 ప్రాంతంలో పేదల ఇళ్ళ స్థలాలకు ఆ నేల ఎంచారు. వానాకాలం నీళ్ళు నిలుస్తాయని అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. ఆ నేల సంగతి అక్కడి రైతును అడిగితే చాలు. అక్కడ కట్టుకున్నవాడికి నీ ‘మైదాన నగరం’ అన్న పేరు ఏం పనికొస్తుంది?

మేనకోడలు: ఇక్కడ మాత్రం నేను మిమ్మల్ని ఆపుతాను. ఆవలో నీళ్ళు నిలిచే సంగతి చిత్రానికి తెలియదనకండి. ఒక్క ఎండాకాలం చిత్రానికి తెలియదు, అంతే. పది వానాకాలాల చిత్రాలు వరసగా పేర్చి, ఏ చుక్క ఎన్నిసార్లు నీళ్ళలో ఉందో లెక్కపెడితే పల్లం దానంతటదే బయటపడుతుంది. ఎత్తు కొలవక్కర్లేదు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఆ నీటినే అడుగుతాను.

మావయ్య: వానాకాలంలో మబ్బు అడ్డం రాదూ?

మేనకోడలు: కెమెరాకు అడ్డం, రాడార్‌కు కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మబ్బు తొలగిందాకా ఎవరూ ఆగలేదు. ఐరోపావాళ్ళ సెంటినెల్-1 ఉంది. అదే ఏడాది ఫిబ్రవరిలో మనవాళ్ళు పంపిన ఈఓఎస్-04 కూడా ఉంది. నిలిచిన నీరు రాడార్ చిత్రంలో నల్లగా పడుతుంది.

మావయ్య: జులైలో డెల్టా అంతా నీళ్ళే కదమ్మాయ్! ఊడ్పులకు దమ్ము చేసిన చేలు. కాలవ నీళ్ళతో నిండిన చేనూ నలుపే, వరద ముంచిన చేనూ నలుపే. రైతు కావాలని పెట్టిన నీరేదో, గండిపడి వచ్చిన నీరేదో దానికెలా తెలుసు?

మేనకోడలు: వరదకు ముందు వారం చిత్రంతో పోలిస్తే కొంత తెలుస్తుంది. పూర్తిగా తెలియదు. గట్టు మునిగిందా లేదా అన్నది చూడాలి. దానికి మళ్ళీ మీ అంగుళాలే కావాలి.

మావయ్య: దారికొచ్చావు.

మేనకోడలు: రాలేదు మావయ్యా. నా వాదన ఇప్పుడే మొదలవుతోంది. ‘మైదానం’, ‘కొండ’ అన్న పేర్లు మీకు నచ్చలేదు. నాకూ అనుమానం రావడానికి కారణం ఇద్దరు ఆర్థికవేత్తలు. ఆల్బర్ట్ సైజ్ 2010లో అమెరికా నగరాల మీద ఒక పని చేశాడు. నగరం నడిబొడ్డు నుంచి యాభై కిలోమీటర్ల వలయం గీసి, అందులో 15 శాతం మించిన వాలునూ, నీటినీ ఒకే గాటన కట్టి ‘కట్టడానికి వీల్లేని నేల’ అన్నాడు. 2020లో మరియాఫ్లావియా హరారి మన దేశపు నగరాలను పట్టుకుంది. 1950ల నాటి అమెరికా సైన్యం పటాలు, తరవాతి దశాబ్దాల రాత్రి వెలుగుల ఉపగ్రహ చిత్రాలు కలిపి ఊళ్ళ ఆకారం గీసింది. నిటారు వాలూ నీళ్ళూ అడ్డుపడి వంకరటింకరగా సాగిన ఊరికన్నా, కుదురుగా గుండ్రంగా పెరగగలిగిన ఊరికి జనం ఎక్కువ చేరారని తేల్చింది. ఆ లెక్క రాజమండ్రికి వేసి చూడండి. ఊరికి పడమర ఏముంది?

మావయ్య: గోదావరి.

మేనకోడలు: దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. సగం వలయం కోసేసినట్టే. 1900లో హేవలాక్ వంతెన వచ్చింది, రైళ్ళకు. రోడ్డు మీద దాటాలంటే 1974లో రోడ్డు కం రైలు వంతెన కట్టేదాకా రాజమండ్రి దగ్గర పడవో లాంచీయో దిక్కు. 1997లో ఆర్చి వంతెన, అదీ రైళ్ళకే. 2015లో నాలుగోది. ఇన్ని వచ్చినా కొవ్వూరు కొవ్వూరే, రాజమండ్రి రాజమండ్రే. ఊరు తూర్పుకూ, జాతీయ రహదారి వెంటా పాకింది గాని పడమరకు పొంగలేదు. విశాఖకు తూర్పున సముద్రం, ఉత్తరాన సింహాచలం, దక్షిణాన యారాడ. సందు దొరికిన చోటల్లా హైవే వెంట సాగింది. రాజమండ్రికి గోదావరే కొండ మావయ్యా. చదునుగా ఉంది కాబట్టి మనం గుర్తుపట్టలేదు.

మావయ్య: ఈ మాట బాగుంది. నీ వ్యాసంలో ఇది లేదే?

మేనకోడలు: పెడతాను.

మావయ్య: పెట్టు. కాని రాత్రి వెలుగుల జోలికి పోకు. కొవ్వూరు దీపాలూ రాజమండ్రి దీపాలూ గోదావరి మీద కలిసిపోయి ఒకటే మచ్చగా పడతాయని నువ్వే ఓసారి చెప్పావు.

మేనకోడలు: పాత చిత్రాల్లో పడతాయి. చుక్క పరిమాణమే కిలోమీటర్లలో ఉండేది, వెలుగు నీళ్ళ మీదికి చిమ్మేది. 2011లో వచ్చిన కొత్త కెమెరాలు దానికన్నా మెరుగు. అయినా కోనసీమలో గ్యాస్ మంట ఉన్నచోట చిన్న పట్నమంత వెలుగు కనపడుతుంది. దీపాలను జనం అనుకోకూడదు, అంత జాగ్రత్త చాలు.

మావయ్య: ఇంకో ప్రశ్న. వాలునూ నీటినీ ఒకే గాటన కట్టి ‘కట్టడానికి వీల్లేదు’ అంటున్నావు. వీల్లేనిచోటే జనం ఉన్నారు కదా! బెజవాడ చూడు. మొగల్రాజపురంలో, గుణదలలో కొండ పైదాకా ఇళ్ళు. 2024 ఆగస్టు 31న వానకు మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. తెల్లారి బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఒకే ఊరు, ఒకే వాన. కొండ మీదివాణ్ణి రాయి చంపింది, పల్లంలోవాణ్ణి నీరు ముంచింది. దాన్ని కొండ నగరం అంటావా, మైదాన నగరం అంటావా?

మేనకోడలు: రెండూ అంటాను. బెజవాడ నా వ్యాసానికి మూడో ఊరు కావాలి. అక్కడ రెండు నష్టాలనూ ఒకే ఊళ్ళో చూడొచ్చు. నిజం చెప్పాలంటే చిత్రానికి ఆ రెండూ సమానంగా కనపడలేదు. బుడమేరు ముంపు కిలోమీటర్ల కొద్దీ పరుచుకుంది కాబట్టి రాడార్ చిత్రాల్లో స్పష్టంగా పడింది. నాలుగైదు ఇళ్ళ మీద పడ్డ బండ పది మీటర్ల చుక్కల్లో ఎక్కడ దొరుకుతుంది?

మావయ్య: అంటే కొండ ఊరి ప్రమాదం చిన్న చోట పెద్దది. పల్లపు ఊరిది పెద్ద చోట మెల్లగా వచ్చేది. విస్తీర్ణం కొలిచి పోలిస్తే కొండ మీద పోయిన ప్రాణం లెక్కకు రాదు.

మేనకోడలు: అందుకే విస్తీర్ణం ఒక్కటే కొలవను. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నైసార్ వెళ్ళింది, ఇస్రో, నాసా కలిసి చేసింది. పన్నెండు రోజులకోసారి అదే చోటు మీదికి వచ్చి, నేల సెంటీమీటర్ల లెక్కలో ఎంత కదిలిందో చూస్తుంది. కొండ వాలు జారడం మొదలైనా, డెల్టా నేల కుంగినా ఆ ఒక్క కొలతలోనే తెలుస్తుంది. ఎత్తు ఎంత అని కాకుండా ఎంత కదిలింది అని అడిగితే కొండనూ పల్లాన్నీ ఒకే తాసులో పెట్టొచ్చు.

మావయ్య: సెంటీమీటర్లన్నావు, ఇప్పుడు నా భాష మాట్లాడావు. నీళ్ళు పెట్టిన చేలో, కొబ్బరి ఆకు మీద అది నిలుస్తుందా?

మేనకోడలు: డాబాలు, వంతెనలు, బరాజ్ లాంటి గట్టి కట్టడాల మీద బాగా నిలుస్తుంది. పైరు పెరిగే చేలో రెండుసార్ల చిత్రాలు జతపడటం కష్టం. నైసార్ అల పొడవు ఎక్కువ, ఆకును దాటి కొంత కిందికి పోతుంది. కోనసీమలో ఎంత పనికొస్తుందో చూడాలి.

మావయ్య: సరే, పోలిక అసలు వద్దని నేననను. ‘ఏ ఊరు పెద్దది, ఏది ఒత్తుగా ఉంది’ అని పోల్చకు. ఆ రెండు ప్రశ్నలకూ కొండ ఊరూ పల్లపు ఊరూ వేర్వేరు అబద్ధాలు చెబుతాయి. ‘ప్రతి ఊరికీ ఒక అడ్డంకి ఉంది, ఆ అడ్డంకి పక్కన ఎవర్ని కూర్చోబెట్టింది’ అని పోల్చు. విశాఖలో, బెజవాడలో వాలు మీద. రాజమండ్రిలో ఆవ పల్లంలో. అక్కడ అద్దె తక్కువ కాబట్టే అక్కడ ఉన్నారు. ఆ అంకె నీ చిత్రంలో లేదు.

మేనకోడలు: లేదు. ఇంటింటికీ వెళ్ళి అడగాల్సిందే. అయితే ఏ వీధికి వెళ్ళాలో చిత్రమే చెబుతుంది. ఇంకో సంగతి మావయ్యా. మీ కాంటూరు మ్యాపు, మీ బెంచ్‌మార్కులు డెల్టాకున్నాయి, దాని వెనక నూట డెబ్బై ఏళ్ళ కాలవల పని ఉంది కాబట్టి. అంత దగ్గరి కొలత అన్ని ఊళ్ళకూ ఎక్కణ్ణుంచి వస్తుంది? లేనివాళ్ళకు తప్పులున్న చిత్రమే ఆధారం. తప్పుందని పక్కన పడేస్తే వాళ్ళకు మిగిలేది అంచనా.

మావయ్య: పడేయమనలేదు. ఒక్క షరతు. నీ పటం మీద ఊరి పేరు ఎంత అక్షరాల్లో వేస్తావో, ఎత్తులో తప్పు ఎన్ని మీటర్లో అంతే అక్షరాల్లో వెయ్యి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, మూడోది 17.75కు. మొదటిదానికీ ఆఖరిదానికీ మధ్య ఆరడుగులు, అంటే రెండు మీటర్ల లోపు. నీ పటంలో తప్పు అంతకన్నా పెద్దదైతే, దాన్ని చూసి పునాది ఎత్తు తేల్చుకోబోయేవాడికి ఆ సంగతి ముందే తెలియాలి.